పురుగు పేరు తేల్చే డీఎన్‌ఏ బార్‌కోడ్

నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు మెట్ట పొలాల్లో, ముఖ్యంగా కృష్ణ ఒడ్డునున్న చందర్లపాడు పరిసరాల్లో, పత్తి, మిరప, మొక్కజొన్న చేల పక్కనే కాగితపు గుజ్జు కోసం పెంచే సుబాబుల్ తోటలూ ఉంటాయి కనుక, పైరుకు పట్టే పురుగుకూ చెట్టుకు పట్టే పురుగుకూ అక్కడ దూరం తక్కువ. ఆకు తింటున్నది ఏ పురుగో తెలియకపోతే నివారణ చర్యలన్నీ వృథా అవుతాయి. పొగాకు లద్దె పురుగు మగ రెక్కల పురుగులను రప్పించే ఎరను లింగాకర్షక బుట్టల్లో పెట్టి కత్తెర పురుగు కోసం ఎదురుచూస్తే ఫలితం ఉండదు.

ఎదిగిన కత్తెర పురుగు గొంగళిని తలపై తలకిందులైన వై ఆకారపు గీతను బట్టి, తోక దగ్గర చదరంగా ఉన్న నాలుగు నల్ల చుక్కలను బట్టి గుర్తించవచ్చు. గుడ్డులోనూ, దాని నుంచి అప్పుడే బయటికొచ్చిన పిల్లలోనూ ఆ గుర్తులు కనబడవు. మందు బాగా పనిచేసేది ఆ చిన్న దశలోనే కావడం వల్ల, కంటికి అందని తేడాను డీఎన్‌ఏలో వెతకవలసి వచ్చింది.

కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలకు సొంత డీఎన్‌ఏ ఉంటుంది. అందులోని సీఓఐ అనే జన్యువులో దాదాపు 658 అక్షరాల ముక్క ఒకే జాతి పురుగులన్నింటిలో ఇంచుమించు ఒకేలా ఉండి, మరో జాతిలో స్పష్టంగా మారుతుంది కనుక, కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన పాల్ హెబర్ట్ బృందం 2003లో దాన్ని అంగడి సరుకు మీది బార్‌కోడ్‌లా వాడవచ్చని ప్రతిపాదించి, సీతాకోకచిలుకలూ రెక్కల పురుగులూ ఉండే వర్గంలోని 200 జాతులపై పరీక్షించి చూపింది. ఆ ముక్కను పీసీఆర్ పద్ధతిలో లక్షల ప్రతులుగా పెంచి, అక్షరాల వరుస చదివి, పేరు తెలిసిన నమూనాల వరుసలున్న బోల్డ్ వంటి భాండాగారంతో పోలుస్తారు. ఆ నమూనాలకు మొదట పేరు పెట్టినది వర్గీకరణ శాస్త్రజ్ఞుడే కాబట్టి, ఆ విద్య అంతరిస్తే బార్‌కోడ్‌కూ విలువ ఉండదు.

అమెరికా ఖండాలకు చెందిన కత్తెర పురుగు 2016లో ఆఫ్రికాలో బయటపడి, 2018 మేలో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతపు మొక్కజొన్నలో కనిపించినప్పుడు, శరీర లక్షణాలతోపాటు ఈ జన్యు వరుసనూ పరిశీలించి దాన్ని నిర్ధారించారు. అదే ఏడాది తెలుగు రాష్ట్రాల మొక్కజొన్నకూ అది పాకింది. అడవుల విషయంలో ఈ అవసరం ఇంకా పెద్దది. 1860ల చివర ఐరోపా నుంచి అమెరికాకు తెచ్చిన లైమాంట్రియా డిస్పార్ అనే రెక్కల పురుగు అక్కడి ఓక్ అడవులను మోడు చేసింది. దాని ఐరోపా రకంలో ఆడది ఎగరలేదు, ఆసియా రకంలో ఎగరగలదు. ఓడలపై దొరికిన గుడ్లు ఏ రకానివో చూసి చెప్పలేరు కనుక డీఎన్‌ఏనే అడగాలి.

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తుంది కాబట్టి, రెండు రకాలు కలిసి పుట్టిన సంకరాన్ని సీఓఐ పట్టుకోలేదు. కత్తెర పురుగులో వరి రకం, మొక్కజొన్న రకం అని రెండున్నాయి. భారతదేశపు కత్తెర పురుగులలో చాలావాటిని ఈ జన్యువు వరి రకమని చూపగా, టీపీఐ అనే మరో జన్యువు మొక్కజొన్న రకమని చూపింది. అవి తినేదీ ఎక్కువగా మొక్కజొన్ననే. అందువల్ల రకం తేల్చేటప్పుడు ఒక్క జన్యువుతో సరిపెట్టుకోకూడదు.

పరీక్షకు పురుగు కాలు ఒక్కటి చాలు, మిగతా శరీరాన్ని సాక్ష్యంగా భద్రపరచవచ్చు; అయితే నమూనాను ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్‌ఏ పాడవుతుంది కనుక, చేలోనే చిక్కని ఇథనాల్‌లో వేసి, చేను, పైరు, తేదీ రాసిన చీటీతో పంపాలి.