కరపత్రం ఎవరు రాశారు? మాంట్‌గొమరీ బస్సు బహిష్కరణలో నల్లజాతి స్త్రీలు

అమెరికా పౌరహక్కుల ఉద్యమం గురించి మనలో చాలామంది విన్న కథ చిన్నది. పనికెళ్లి అలసిపోయిన రోజా పార్క్స్ అనే కుట్టుపనామె బస్సులో తెల్లవాడికి సీటివ్వనంది. అరెస్టయింది. మార్టిన్ లూథర్ కింగ్ అనే యువ పాస్టరు ఉద్యమం నడిపాడు. కోర్టు న్యాయం చెప్పింది. ఈ కథలో ఒక స్త్రీ ఉంది గాని, ఆమె చేసిందల్లా కూర్చోవడమే. ఆ ఉద్యమాన్ని ఏళ్ల తరబడి ఆలోచించి, నిర్మించి, నిలబెట్టిన స్త్రీలు అందులో కనిపించరు. ఎందుకు కనిపించరు అన్నదే ఈ వ్యాసంలో మేం పరిశీలించదలచుకున్న ప్రశ్న.

అలబామా రాష్ట్రంలోని మాంట్‌గొమరీ నగరంలో సిటీ బస్సుకు 36 సీట్లు. ముందరి 10 సీట్లు తెల్లవాళ్లవి. అవి ఖాళీగా ఉన్నా నల్లవాళ్లు నిలబడే ప్రయాణం చెయ్యాలి. మధ్య సీట్లలో కూర్చోవచ్చు గాని, తెల్లవాళ్లొస్తే లేవాలి. ఒక్క తెల్లమనిషి కూర్చోవాలన్నా ఆ వరుసలో ఉన్న నల్లవాళ్లంతా లేవాల్సిందే. ముందు తలుపు దగ్గర డబ్బులిచ్చి, కిందికి దిగి, వెనక తలుపు నుంచి ఎక్కమనేవాళ్లు. ఎక్కేలోగా బస్సు పోనిచ్చిన డ్రైవర్లూ ఉన్నారు. ప్రయాణికుల్లో ఇంచుమించు ముప్పాతికమంది నల్లవాళ్లే. వాళ్లలో ఎక్కువమంది తెల్లవాళ్ల ఇళ్లలో వంటా, అంట్లూ, పిల్లల పనీ చేసే ఆడవాళ్లు. అంటే ఈ అవమానం రోజూ రెండుపూటలా ఎక్కువగా పడింది స్త్రీలే. అందుకే దాన్ని ఎదిరించే ఆలోచన కూడా ముందు వాళ్ల దగ్గరే పుట్టింది.

1946లో మేరీ ఫెయిర్ బర్క్స్ అనే ఇంగ్లీషు అధ్యాపకురాలు మహిళా రాజకీయ మండలిని స్థాపించారు. 1949లో అదే కాలేజీలో చేరిన జో ఆన్ రాబిన్సన్, దాదాపు ఖాళీగా ఉన్న బస్సులో ముందువైపు కూర్చున్నందుకు డ్రైవరు అరిచి మీదికొస్తే ఏడుస్తూ దిగిపోయారు. మరుసటి ఏడు ఆమే మండలి అధ్యక్షురాలయ్యారు. 1954 మే 21న ఆమె మేయరుకు ఉత్తరం రాశారు. బస్సుల్లో పద్ధతి మారకపోతే బహిష్కరణ ఆలోచన సాగుతోందని అందులో హెచ్చరించారు. పార్క్స్ అరెస్టుకు ఇది ఏడాదిన్నర ముందటి మాట.

పార్క్స్ కూడా దారిన పోయే మనిషేం కాదు. 1943 నుంచి నల్లజాతి హక్కుల సంఘం స్థానిక శాఖకు ఆమె కార్యదర్శి. 1944లో రెసీ టేలర్ అనే నల్లజాతి స్త్రీపై తెల్ల యువకులు సామూహిక అత్యాచారం చేస్తే, ఆ ఊరికెళ్లి వివరాలు సేకరించి న్యాయం కోసం ప్రచారం చేసిన వాళ్లలో ఆమె ఒకరు. ఆమె అలసట ఒంటి అలసట కాదు.

పార్క్స్ కంటే తొమ్మిది నెలల ముందు, 1955 మార్చి 2న, క్లాడెట్ కొల్విన్ అనే పదిహేనేళ్ల స్కూలు పిల్ల సీటు లేవనంది. పోలీసులు చేతులకు బేడీలు వేసి తీసుకెళ్లారు. ఆమె కేసును పెద్దలు ముందుకు తీసుకుపోలేదు. చట్టపరమైన ఇబ్బంది కొంత ఉన్నమాట నిజమే. అప్పీలులో వేర్పాటు చట్టం ఉల్లంఘించిన నేరం కొట్టేసి, పోలీసుల మీద చెయ్యిచేసుకున్న నేరం ఒక్కటే మిగిల్చారు. కానీ కారణం అదొక్కటే కాదు. ఆమె చిన్నపిల్ల, పేదపేటలో పెరిగింది, ముదురు నలుపు. తర్వాత పెళ్లికాకుండా గర్భవతి కూడా అయింది. దాంతో ఆమెను ముందు నిలబెట్టే మాటే పోయింది. తెల్లవాళ్లు వేలెత్తి చూపలేని ‘మర్యాదస్తురాలు’ కావాలనుకున్నారు. అణచివేతను ఎదిరించే ఉద్యమం కూడా అణచివేసేవాళ్ల కొలబద్దతోనే తన ఆడవాళ్లని కొలిచిందన్నమాట.

1955 డిసెంబర్ 1 సాయంత్రం పార్క్స్ అరెస్టయ్యారు. ఆ రాత్రే రాబిన్సన్ కాలేజీకెళ్లి, ఒక సహోద్యోగి, ఇద్దరు విద్యార్థుల సాయంతో తెల్లవార్లూ వేల కరపత్రాలు సైక్లోస్టైల్ తీశారు. సోమవారం బస్సులెక్కొద్దన్నది అందులోని పిలుపు. తెల్లారాక మండలి సభ్యులు వాటిని స్కూళ్లకీ, దుకాణాలకీ, ఇళ్లకీ చేర్చారు. పాస్టర్లు సమావేశమయ్యే సరికే పిలుపు ఊరంతా పాకింది.

డిసెంబర్ 5న బస్సులు దాదాపు ఖాళీగా తిరిగాయి. ఆ రోజే ఏర్పడిన సంఘానికి 26 ఏళ్ల కింగ్ అధ్యక్షుడయ్యారు. రాత్రి బహిరంగసభలో పార్క్స్‌ను జనానికి చూపించారు గాని మాట్లాడించలేదు. పాస్టర్లు ముందుకు రావడానికి వాస్తవ కారణాలు లేకపోలేదు. చర్చి నల్లవాళ్ల సొంతం, పాస్టరుకు జీతమిచ్చేది నల్లవాళ్లే. రాబిన్సన్ పనిచేసేది ప్రభుత్వ కాలేజీలో, పేరు బయటపడితే ఉద్యోగం పోతుంది. కాబట్టి ఆమె తెరవెనక ఉండిపోయారు. అయితే తెరవెనక పని చెయ్యడం వేరు, ఆ పనిని చరిత్రే మరిచిపోవడం వేరు.

బహిష్కరణ 381 రోజులు సాగింది. కార్లు తిప్పడానికి డబ్బు కావాలి. జార్జియా గిల్మోర్ అనే వంటామె కొందరు ఆడవాళ్లను కూడగట్టి, కోడివేపుడూ, కేకులూ చేసి అమ్మి, ఆ డబ్బు సభల్లో అప్పజెప్పేవారు. తమ బృందానికి ‘ఎక్కడిదీ కాని క్లబ్బు’ అని పేరు పెట్టుకున్నారు. డబ్బు ఎక్కణ్నుంచి వచ్చిందంటే చెప్పుకోవడానికి ఏ పేరూ ఉండదు, ఎవరి కూలీ పోదు. 1956 మార్చిలో కింగ్ మీద విచారణలో సాక్ష్యం చెప్పినందుకు గిల్మోర్ ఉద్యోగం మాత్రం పోయింది. ఇక ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు మైళ్లకొద్దీ నడిచారు.

చివరికి బస్సుల్లో వేర్పాటును రద్దు చేయించిన కేసు కూడా పార్క్స్ పేరుమీదది కాదు. 1956 ఫిబ్రవరిలో వేసిన ఆ దావాలో చివరిదాకా నిలబడింది నలుగురు: ఆరేలియా బ్రౌడర్, సూసీ మెక్‌డొనాల్డ్, మేరీ లూయీజ్ స్మిత్, క్లాడెట్ కొల్విన్. పనికిరాదని పక్కన పెట్టిన ఆ పిల్లే కోర్టులో సాక్ష్యం చెప్పింది. 1956 నవంబర్ 13న సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. కొల్విన్ మీది పాత కేసు రికార్డును కోర్టు చెరిపేసింది మాత్రం 2021లో.

ఇది ఒక్క ఊరి సంగతి కాదు. 1963 ఆగస్టు 28 వాషింగ్టన్ ప్రదర్శనలో ప్రధాన వక్తల్లో ఒక్క స్త్రీ లేరు. నిర్వాహక సంఘంలో ఉన్న ఒకే ఒక్క స్త్రీ ఆనా హెడ్జ్‌మన్ ముందుగానే అభ్యంతరం రాసిచ్చారు. ఫలితం, డెయిజీ బేట్స్‌కు దక్కిన నాలుగు మాటలు. రాబిన్సన్ తన కథ తానే రాసి, అది పుస్తకంగా వచ్చేసరికి 1987 అయింది.

ఇదంతా కింగ్‌ను తక్కువ చెయ్యడానికి చెప్పడం లేదు. వేదిక మీది మనిషి నుంచి మొదలుపెడితే ఉద్యమం ఎలా పుట్టిందో అర్థం కాదన్నదే మా వాదన. అలా చదివినవాళ్లు నాయకుడి కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు. రాబిన్సన్ నుంచి మొదలుపెట్టి చదివితే ముందు సంఘం, తర్వాత ఉత్తరం, తర్వాత కరపత్రం కనిపిస్తాయి. మన ఉద్యమాల చరిత్ర రాసేటప్పుడు కూడా సభలో ఎవరు మాట్లాడారన్నదానితో ఆగకుండా, కరపత్రం ఎవరు రాశారు, అన్నం ఎవరు వండారు, సాక్ష్యం ఎవరు చెప్పారు, ఎవరిని వద్దని పక్కన పెట్టాం అని అడగాలి. ఆ మనుషులు బతికుండగానే అడగాలి.