నీటిలోపలి తోట: మొక్కల అక్వేరియం రూపకల్పన, పక్వదశకు చేర్చే విధానం

గాజు తొట్టెలో మట్టి, రాళ్లు, కర్రదుంగలు, నీటి మొక్కలు అమర్చి ఒక ప్రకృతి దృశ్యాన్ని పెంచే పద్ధతిని అక్వాస్కేపింగ్ అంటారు. ఇటువంటి తొట్టెలు ఇళ్లలోను, కార్యాలయాలలోను ఇప్పుడు తరచుగా కనిపిస్తున్నాయి. అయితే ఏర్పాటు చేసిన మొదటి నెలలోనే చేపలు చనిపోవడం, మొక్కల ఆకులు కుళ్లిపోవడం, గాజంతా నాచు పట్టడం కూడా అంతే తరచుగా జరుగుతుంది. ఈ నష్టానికి అమరికలోని లోపం కంటే తొందరపాటే ఎక్కువ సందర్భాలలో కారణం. మొక్కల అక్వేరియం స్వభావరీత్యా ఒక చిన్న వరి మడి వంటిది. నీట మునిగిన నేలలో జరిగే రసాయనిక మార్పులు, సూక్ష్మజీవుల మార్పులు ఇందులోను అదే క్రమంలో జరుగుతాయి. అవి కుదుటపడేందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈ వ్యవధిని దృష్టిలో ఉంచుకొని తొట్టెను రూపొందించి, పక్వదశకు చేర్చే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

తండ్రి తొట్టె, కొడుకు నేల

అక్వేరియం శాస్త్రానికి, నేల శాస్త్రానికి మధ్య ఉన్న బంధుత్వం ఒకే కుటుంబంలో కనిపిస్తుంది. లండన్‌కు చెందిన రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ సుమారు 12 గాలన్ల నీటిలో రెండు చిన్న బంగారు చేపలను, వాలిస్నేరియా మొక్కను ఉంచి పరిశీలించి, ఫలితాలను 1850లో అక్కడి కెమికల్ సొసైటీకి నివేదించారు. మొక్క విడుదల చేసే ఆక్సిజన్ చేపలకు ఉపయోగపడింది. కాని కొంతకాలానికి ముదిరిన ఆకులు కుళ్లి నీరు మసకబారింది, నాచు పెరిగింది. అప్పుడాయన చెరువు నత్తలను ప్రవేశపెట్టగా అవి కుళ్లిన ఆకులను తిని తొట్టెను చక్కబరచాయి. మొక్క, చేప ఉంటే చాలదని, కుళ్లే పదార్థాన్ని వినియోగించే మూడవ జీవి కూడా అవసరమని ఈ ప్రయోగం తెలిపింది.

అదే పేరు గల ఆయన కుమారుడు ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేశారు. నేలలో అమ్మోనియా నైట్రేట్‌గా మారడం సూక్ష్మజీవుల వల్ల జరుగుతుందని ఫ్రెంచి శాస్త్రవేత్తలు ష్లోసింగ్, మ్యూంట్జ్ 1877లో చూపగా, చిన్న వారింగ్టన్ దానిని ధ్రువీకరించి, ఈ మార్పు రెండు దశలలో, వేరువేరు సూక్ష్మజీవుల ద్వారా జరుగుతుందని తెలిపారు. అనంతరం వినోగ్రాడ్‌స్కీ ఈ బ్యాక్టీరియాను వేరుచేశారు. తండ్రి తొట్టెలో కంటికి కనిపించకుండా జరిగిన పనిని కొడుకు పొలం మట్టిలో గుర్తించినట్లయింది. నేటి అక్వేరియం నిర్వహణకు ఈ రెండు దశల జ్ఞానమే పునాది.

తొట్టె, రాళ్లు, కర్ర

మొదటిసారి ప్రయత్నించే వారికి 60 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు, 36 సెం.మీ. ఎత్తు గల తొట్టె అనువుగా ఉంటుంది. ఇందులో సుమారు 65 లీటర్లు పడుతుంది. నీరు, మట్టి, రాళ్లు, గాజు కలిపి బరువు 80 కిలోల వరకు ఉంటుంది కనుక బల్ల దృఢంగా, సమతలంగా ఉండాలి. నేరుగా ఎండ పడే కిటికీ పక్కన తొట్టెను ఉంచరాదు. ఎండ వల్ల నాచు పెరగడంతో పాటు వేసవిలో నీరు అధికంగా వేడెక్కుతుంది.

అమరికలో ప్రధానమైన రాయిని లేదా దుంగను తొట్టె నడిమధ్యలో పెట్టరాదు. 60 సెం.మీ. తొట్టెలో ఒక వైపు నుంచి సుమారు 37 సెం.మీ. దూరంలో ఉంచితే చూపు సహజంగా అక్కడ నిలుస్తుంది. ఈ కళకు ఆధునిక రూపమిచ్చిన జపాన్ ఛాయాచిత్రకారుడు తకాషి అమానో (1954–2015) తమ దేశపు రాతి తోటల సంప్రదాయాన్ని నీటిలోకి తెచ్చారు. కేవలం రాళ్లతో చేసే ఇవాగుమి అమరికలో బేసి సంఖ్యలో రాళ్లు వాడి, ఒకదానిని పెద్దదిగా, మిగిలిన వాటిని దానికి అనుబంధంగా నిలుపుతారు. అన్ని రాళ్లు ఒకే జాతివై, చారలు ఒకే దిశలో ఉంటే దృశ్యానికి ఏకత్వం వస్తుంది.

రాయి ఎంపిక అందానికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. తాండూరు బండలు, కడప బండలు సున్నపురాతి జాతికి చెందినవి. అవి నీటిలో నెమ్మదిగా కరిగి కాఠిన్యాన్ని, ఉదజని సూచికను పెంచుతాయి. గ్రానైట్ వల్ల ఈ ఇబ్బంది లేదు. అనుమానమున్న రాయిపై సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం రెండు చుక్కలు వేసినప్పుడు నురుగు వస్తే అందులో సున్నం ఉన్నట్లు. కర్రదుంగలను రెండు మూడు వారాలు నానబెట్టి, రంగు దిగిన నీటిని మారుస్తూ ఉండాలి.

నేల తయారీ

మార్కెట్‌లో లభించే కాల్చిన బంకమట్టి గుళికలు వాడవచ్చు. తక్కువ ఖర్చుతో చేయాలనుకుంటే ఎరువులు, పురుగుమందులు తగలని ఎర్ర గరప నేల మట్టి సరిపోతుంది. దీనిని జల్లించి, నీటిలో కలిపి, తేలిన చెత్తను తీసివేయాలి. పశువుల ఎరువు గాని, యూరియా గాని కలపరాదు. నల్లరేగడి మట్టి కదిలితే నీరు చాలాకాలం తేరుకోదు కనుక అది అనుకూలం కాదు.

మట్టిని 2 నుంచి 3 సెం.మీ. మందాన పరచి, దానిపై కడిగిన ముతక ఇసుకను మరో 3 సెం.మీ. వేయాలి. వెనుక భాగం ఎత్తుగా ఉంటే దృశ్యానికి లోతు వస్తుంది. అయితే ఆ ఎత్తును మట్టితో కాకుండా వలసంచుల్లో నింపిన రాతి ముక్కలతో తేవాలి. మట్టి పొర మందమయ్యే కొద్దీ లోపల ఆక్సిజన్ పూర్తిగా లోపిస్తుంది. దమ్ము చేసిన మడిలో జరిగినట్లే మొదట నైట్రేట్, తరువాత మాంగనీసు, ఇనుము, చివరగా సల్ఫేట్ క్షయకరణం చెందుతాయి. సల్ఫేట్ దశలో వెలువడే హైడ్రోజన్ సల్ఫైడ్ వేళ్లకు, చేపలకు హానికరం. మరోవైపు ఇదే ప్రక్రియ మొదటి దశలలో భాస్వరాన్ని, ఇనుమును వేళ్లకు అందుబాటులోకి తెస్తుంది. నీటి మొక్కలు వరి మాదిరిగానే కాండంలోని గాలి గదుల ద్వారా వేళ్ల వరకు ఆక్సిజన్ పంపి, తమ చుట్టూ ఉన్న మట్టిని రక్షించుకుంటాయి. అందువల్ల వేళ్లు బాగా అల్లుకున్న తొట్టెలో నేల చెడిపోయే ప్రమాదం తక్కువ.

మొక్కల ఎంపిక, నాట్లు

అక్వేరియం దుకాణాల్లో ఖరీదుకు అమ్మే మొక్కలలో కొన్ని తెలుగు రైతుకు పాత పరిచయస్తులే. రోటాలా, లిమ్నోఫిలా జాతుల మొక్కలు వరిలో కలుపుగా పెరుగుతాయి. నీటి బ్రాహ్మిగా తెలిసిన బాకోపా మొన్నియేరి గట్ల పక్కన తేమలో వ్యాపిస్తుంది. వాలిస్నేరియా, హైడ్రిల్లా, సెరటోఫిల్లమ్ చెరువుల్లో సహజంగా లభిస్తాయి. చెరువు నుంచి తెచ్చిన మొక్కలను బాగా కడిగి, వేరే పాత్రలో కొన్ని రోజులు ఉంచి, పురుగులు లేవని నిర్ధారించుకున్న తరువాతే నాటాలి.

ముందు వరుసలో పొట్టి మొక్కలు, మధ్యలో క్రిప్టోకొరైన్ వంటివి, వెనుక పొడవైన కాండపు మొక్కలు నాటడం సాధారణ పద్ధతి. మొదటి రోజునే నేలలో సుమారు 70 శాతం మొక్కలతో నిండాలి. పలుచగా నాటిన తొట్టెలో ఖాళీగా మిగిలిన పోషకాలను నాచు వాడుకుంటుంది. వేగంగా పెరిగే హైగ్రోఫిలా, సెరటోఫిల్లమ్‌లను తొలి రెండు నెలలు అంతరపంటగా ఉంచడం మంచిది. నీటి మొక్కలలో అనేకం నైట్రేట్ కంటే అమ్మోనియం రూపంలోని నత్రజనినే ముందుగా గ్రహిస్తాయి కనుక ఇవి నీటిని శుద్ధి చేస్తూ నెమ్మదిగా పెరిగే మొక్కలకు వ్యవధి ఇస్తాయి. తరువాత వీటిని క్రమంగా తీసివేయవచ్చు.

నర్సరీలలో చాలా మొక్కలను గాలిలోనే పెంచుతారు. నీటిలో ముంచగానే పాత ఆకులు కరిగి రాలిపోతాయి. నాటిన నారు మూన తిరగడానికి కొన్ని రోజులు పట్టినట్లే, ఈ మొక్కలు నీటికి తగిన కొత్త ఆకులు వేయడానికి రెండు మూడు వారాలు పడుతుంది. వేరు, మొవ్వు గట్టిగా ఉంటే మొక్కను పెరికివేయరాదు. రాలిన ఆకులను మాత్రం వెంటనే తీసివేయాలి.

తొలి ఆరు వారాలు

తొలి వారంలో మట్టి నుంచి, కుళ్లిన ఆకుల నుంచి అమ్మోనియా వెలువడుతుంది. దానిని ఒక వర్గం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, నైట్రోస్పైరా వంటి మరో వర్గం నైట్రేట్‌గా మారుస్తాయి. రెండవ వర్గం ఆలస్యంగా స్థిరపడటం వల్ల అమ్మోనియా తగ్గిన తరువాత కూడా నైట్రైట్ కొంతకాలం అధికంగా ఉంటుంది. చేపల మరణాలు ఎక్కువగా ఈ రెండు పదార్థాల వల్లనే సంభవిస్తాయి. నీరు చూడటానికి స్వచ్ఛంగా ఉన్నప్పటికీ విషపూరితమై ఉండవచ్చు.

అమ్మోనియా తీవ్రత ఉదజని సూచికపై ఆధారపడుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద సూచిక 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో విషపూరిత రూపం ఒక శాతం లోపే ఉంటుంది. సూచిక 8కి చేరితే అది 5 శాతం దాటుతుంది. కాఠిన్యం, క్షారత ఎక్కువగా ఉండే బోరునీరు వాడేవారు అందువల్ల మరింత జాగ్రత్త వహించాలి. కొళాయి నీటిని వాడేటప్పుడు క్లోరిన్ తొలగించిన తరువాతే తొట్టెలో పోయాలి.

మొదటి వారం రోజు విడిచి రోజు సగం నీరు, రెండు మూడు వారాల్లో వారానికి రెండుసార్లు, ఆ తరువాత వారానికి ఒకసారి మూడవ వంతు నీరు మార్చాలి. దీపం మొదట రోజుకు 6 గంటలు చాలు. మొక్కలు పుంజుకున్న తరువాత 8 గంటలకు పెంచవచ్చు. రెండవ వారం నుంచి గాజుపై గోధుమరంగు పొర రావడం సహజం. ఇది డయాటమ్‌ల వల్ల ఏర్పడుతుంది, తుడిచివేస్తూ ఉంటే కొద్ది వారాలలో తగ్గుతుంది. దీనికి మందులు వాడనవసరం లేదు. కొత్త దుంగపై తెల్లని జిగురు పొర కూడా ఇటువంటిదే.

వెలుతురు, కార్బన్ డై ఆక్సైడ్, పోషకాలు ఈ మూడింటిలో ఏది తక్కువైతే పెరుగుదల దాని దగ్గరే ఆగుతుంది. లీబిగ్ కనిష్ఠ సూత్రం పొలానికి వర్తించినట్లే తొట్టెకూ వర్తిస్తుంది. కార్బన్ తక్కువగా ఉన్నప్పుడు వెలుతురు పెంచితే లాభపడేది నాచే. సిలిండర్ ద్వారా కార్బన్ డై ఆక్సైడ్ ఇచ్చేవారు లీటరుకు 30 మిల్లీగ్రాములు మించకుండా చూడాలి, రాత్రి పూట ఆపివేయాలి.

చేపలు, దీర్ఘకాల నిర్వహణ

పరీక్షలో అమ్మోనియా, నైట్రైట్ రెండూ వారం పాటు సున్నాగా నమోదైన తరువాతే చేపలను వదలాలి. తొలుత నత్తలు, తరువాత జీబ్రా డేనియో వంటి చిన్న చేపలు ఐదారు, రెండు వారాల వ్యవధితో మిగిలినవి చేర్చాలి. ఒకేసారి అన్నీ వదిలితే పెరిగిన వ్యర్థాలకు తగినట్లు బ్యాక్టీరియా పెరిగేందుకు సమయం ఉండదు. మేత రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేయాలి.

ఫిల్టర్ స్పాంజిని కొళాయి కింద కడిగితే క్లోరిన్ వల్ల అందులోని బ్యాక్టీరియా నశిస్తుంది. తొట్టె నుంచి తీసిన నీటిలోనే దానిని పిండాలి. నీటిలో కరిగే ఆక్సిజన్ 20 డిగ్రీల వద్ద లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు కాగా 30 డిగ్రీల వద్ద 7.5కు తగ్గుతుంది. వేసవి రాత్రులలో మొక్కలు కూడా ఆక్సిజన్‌నే వినియోగిస్తాయి కనుక నీటి ఉపరితలం కదులుతూ ఉండేలా చూడాలి. విద్యుత్ కోతలున్న చోట బ్యాటరీతో నడిచే గాలి పంపు అవసరం.

మూడు నాలుగు నెలలకు వేళ్లు నేలంతా అల్లుకొని దృశ్యం నిండుదనం సంతరించుకుంటుంది. ఆ తరువాత మట్టిలోని పోషకాలు తగ్గుతాయి. ముదురు ఆకులు పసుపుబారితే నత్రజని, వాటిపై చిన్న రంధ్రాలు పడితే పొటాష్, లేత ఆకులు పాలిపోతే ఇనుము లోపించినట్లు భావించి, ఒక్కొక్క పోషకాన్ని స్వల్ప మోతాదులో సరిచేయాలి.

కత్తిరించిన మొక్కలను, వద్దనుకున్న చేపలను చెరువుల్లోను, కాలువల్లోను వేయరాదు. అందమైన పువ్వు కోసం తెచ్చిన దక్షిణ అమెరికా మొక్క గుర్రపు డెక్క నేడు మన జలాశయాలను కప్పివేస్తున్న సంగతి తెలిసిందే. హైడ్రిల్లా 1950లలో అక్వేరియం వ్యాపారం ద్వారానే ఫ్లోరిడాకు చేరి అక్కడి కాలువలకు కలుపైంది. తొట్టెలోని వ్యర్థ మొక్కలను ఎండబెట్టి కంపోస్టులో కలపడం ఉత్తమం.

తొట్టెను అమర్చడం ఒక రోజు పని. దానిని పక్వానికి తేవడం నేల, వేరు, బ్యాక్టీరియా చేసే పని. చేపలను ఎప్పుడు వదలాలన్నది నీటి పరీక్ష ఫలితాన్ని బట్టే నిర్ణయించాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే మొదటి నెలలో జరిగే నష్టంలో అధిక భాగాన్ని నివారించవచ్చు.