ప్లేటునుండి ఫైలునకు: నాటకగానము, దాని ధ్వనిప్రతులు

తెలుగు నాటకరంగ చరిత్రకు ముద్రిత నాటకములు, సమకాలికుల స్మృతులు, గ్రామఫోను ప్లేటులు అని మూడు తెరగుల ఆధారములు కలవు. మొదటి రెండింటిని మన పరిశోధకులు శ్రద్ధతోనే పరిశీలించిరి. మూడవది చిరకాలము వినోదసామగ్రిగనే పరిగణింపబడినది. ఇటీవల ఆ ప్లేటులలోని గానము సంఖ్యారూపమును పొంది, చేతిఫోనులలో వినదగిన చిన్న ఫైలులుగా వ్యాపించుటచే, సిద్ధాంతవ్యాసములలో దానిని ఉదాహరించుటకు అవకాశము కలిగినది. ఇది సంతోషింపదగిన విషయమే. కాని తాళపత్రప్రతి ఎచట దొరకినదో, ఎవరు వ్రాసినదో విచారింపక పాఠనిర్ణయమునకు పూనుకొనని మనము, ఎట్లు పుట్టినదో తెలియని ఫైలును విని ‘ఈ నటుని శ్రుతి యింత, ఈ పద్యమునకు రాగ మిది’ అని వ్రాయుట ఏమి న్యాయము? ప్లేటు ఫైలుగా మారునపుడు ఏది నిలుచునో, ఏది పోవునో వివరించుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

ఉదాహరణమునకు మైలవరమును తీసికొందము. కృష్ణాజిల్లా మెట్టప్రాంతమున నుండి 2022లో ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరిన ఈ యూరిలో, జమీందారులగు సూరానేనివారి పోషణమున బాలభారతీ నాటకసమాజము 20వ శతాబ్ది తొలి దశకములలో వర్ధిల్లినది. యడవల్లి సూర్యనారాయణ, కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటగాయకులును, సంగీతమును తీర్చిన పాపట్ల కాంతయ్యయు ఆ సమాజమునకు సంబంధించినవారు. ముత్తరాజు సుబ్బారావు రచించిన శ్రీకృష్ణతులాభారమును ఈ సమాజము ప్రదర్శించినపుడు చందాల కేశవదాసు దానికి పాటలు కూర్చెను. కవి వ్రాసిన నాటకము వేరు, సమాజము ఆడిన నాటకము వేరు అనుటకు ఇంతకన్న నిదర్శన మక్కరలేదు. ఆడిన నాటకము అచ్చుపుస్తకమున పూర్తిగ దొరకదు. కపిలవాయివారి కంఠము నేటివారికి చేరినది ప్లేటుల మూలముననే కదా!

అయినను ప్లేటు రంగస్థలము కాదు. 10 అంగుళముల ప్లేటుపై ఒక్కొక్క ప్రక్క సుమారు 3 నిమిషముల గానము మాత్రమే పట్టును. ఆలాపనతో, వన్సుమోరులతో రంగముపై సాగిన పద్యము ఆ కాలపరిమితికి లోబడి కుదించుకొన్నది. ఇది మొదటి సంక్షేపము. దానిని మనము తప్పింపజాలము. ఫైలును సిద్ధపరచువారు రెండవ సంక్షేపము చేయకుండుటయే కోరదగినది.

నేడు పాత రికార్డు లన్నిటిని ‘వినైలు’ అని వ్యవహరించుట కలదు. వినైలుతో చేసిన లాంగ్‌ప్లే రికార్డు 1948లో వెలువడినది. మన నాటకపద్యముల ప్లేటులు లక్కతో ఖనిజపు పొడి కలిపి పోతపోసినవి. ఈ భేదము పేరునకు సంబంధించినది మాత్రమే కాదు. లాంగ్‌ప్లే గాడికి తగిన ముల్లు కొన సుమారు 25 మైక్రానులు. లక్కప్లేటు గాడికి సుమారు 75 మైక్రానులు కావలెను. సన్నని ముల్లు వెడల్పు గాడి యడుగున పొరలి, గానముకన్న గీరుడునే హెచ్చుగ అందించును. లాంగ్‌ప్లేల నిమిత్తము 1954లో ఏర్పడిన స్వరసమీకరణము నేటి యంత్రములలో తనంతటతానే పనిచేయుచుండును. అదియు పాత ప్లేటులకు చెల్లదు.

అన్నిటికన్న ప్రమాదకరమైనది వేగము. నిమిషమునకు 78 చుట్లు అని వాడుక యేర్పడినను, తొలినాళ్ల ప్లేటులు 70 మొదలు 82 వరకు పలువేగములతో తయారైనవి. 74 చుట్ల వేగమున గ్రహించిన గానమును 78లో త్రిప్పినచో శ్రుతి ఇంచుమించు ఒక స్వరస్థానము హెచ్చును, కంఠము సన్నబడును, కాలము తగ్గును. అప్పుడు ‘ఈ నటుడు అసాధారణమైన హెచ్చుశ్రుతిలో పాడెడివాడు’ అను ప్రశంస గాయకునికి చెందునా, యంత్రమునకు చెందునా? నాటకగానమున హార్మోనియము తోడుండుట ఇచట కొంత అక్కరకు వచ్చును. దాని మెట్లు స్థిరములు. ఫైలులో వినబడు ఆధారషడ్జము రెండు మెట్లకు నడుమ పడుచున్నచో వేగమును శంకింపవలెను. ఆనాటి హార్మోనియము లన్నియు ఒకే కొలతకు శ్రుతిచేసినవి కావు గనుక ఇది సూచనయే కాని నిర్ణయము కాదు. వాడిన వేగమును వ్రాసియుంచినచో తరువాతివారు దిద్దుకొనగలరు. వ్రాయనిచో దిద్దుటకు దారి లేదు.

ఇక ఎగుమతి. ఈ మాట వినగానే మెట్టప్రాంతమువారికి మామిడికాయలు మనసునకు వచ్చును. ధ్వనిని సవరించు ఆడాసిటీ వంటి సాధనములలో, పనిలోనున్న ధ్వనిని ఇతర యంత్రములు చదువగల ఫైలుగా వెలువరించుటకు ఇదే పేరు. ఆ సాధనము తన పనికై దాచుకొను ప్రాజెక్టు ఫైలు వేరు. దానిని ఫోను వినిపింపజాలదు. కొన్నియేండ్లకు ఇతర సాధనములును దానిని తెరువలేకపోవచ్చును. కావున మొట్టమొదట వెలువరింపవలసినది మూలప్రతి. సెకనుకు 96,000 నమూనాలతో, 24 బిట్లతో, రెండు మార్గములలో తీసిన 200 సెకనుల గానము వేవ్ ఫైలుగా సుమారు 115 మెగాబైట్లగును. ఫ్లాక్ పద్ధతిలో దీనిని ఏమియు నష్టపడకుండ తగ్గింపవచ్చును. 128 కిలోబిట్ల ఎం.పి.3గా మార్చినచో అదే గానము 3.2 మెగాబైట్లకు దిగును. చెవికి పట్టదని లెక్కవేసిన అంశమును విడిచిపెట్టుటవలననే ఇంతటి లాఘవము. విడిచినది మరల రాదు, ఎం.పి.3ను తిరిగి వేవ్‌గా మార్చినను పరిమాణము పెరుగును గాని పోయిన ధ్వని చేరదు.

లక్కప్లేటు రొద ఈ పద్ధతికి కఠినపరీక్ష. క్రమము లేని ధ్వనిని కొలదిబిట్లలో ఇముడ్చుట కష్టము. 64 కిలోబిట్లకు దిగజార్చిన ఫైలులో ఆ రొద నీటిసుడివలె తిరుగుచు గానమును గూడ ముంచివేయుట వినవచ్చును. దీనికి సులభోపాయ మొకటి కలదు. ఈ ప్లేటులు ఏకమార్గధ్వనులు. ఎడమ, కుడి మార్గములను ఒకటిగ కలిపినచో ముల్లు నిలువుగ కదలుటవలన పుట్టిన రొద చాలవరకు రద్దగును. బిట్లన్నియు ఒక్క మార్గమునకే దక్కును.

రొదను సాధనముతో తుడిచివేయుటలో మాత్రము నాకు మిక్కిలి సంశయము. శ, ష, సలు స్వభావమున రొదవంటి ధ్వనులే. విద్యుత్తు రాకముందు కొమ్ముబూరలోనికి పాడిన ప్లేటులలో అవి మొదలే క్షీణములు. శుభ్రపరచిన ఫైలులో ఒకదానికొకటి భేదింపవు. అట్టి ఫైలును విని పద్యపాఠమును, యతిని నిర్ణయించుట తగదు. ఆరంభమున, అంతమున నున్న నిశ్శబ్దమును కత్తిరించుటయు అంతే. తొలి ప్లేటులలో కొందరు గాయకులు పాట ముగియగనే తమపేరు చెప్పుకొనెడివారు. కత్తిరించువానికి అది అనవసరపు మాట, మనకు సాక్ష్యము.

లాంగ్‌ప్లేలకు వేరొక చిక్కు కలదు. ఒక ప్రక్క 20 నిమిషములకు పైగా సాగు ధ్వనిని ఖండములుగ విడదీసి ఎం.పి.3 చేయునపుడు, ఆ పద్ధతి 1,152 నమూనాల దిమ్మెలతో పనిచేయుటచే ఖండముల నడుమ లేశమాత్రపు విరామము చొరబడును. ఘంటసాల గానము చేసిన భగవద్గీతవంటి అవిచ్ఛిన్నధారలో అది చెవికి తగులును. ఒక ప్రక్కను ఒకే ఫైలుగ నుంచుట మేలు.

హక్కుల సంగతి క్లుప్తముగ చెప్పెదను. మన చట్టమున ధ్వనిముద్రణపై హక్కు ప్రకటితమైన మరుసటి సంవత్సరారంభమునుండి 60 ఏండ్లు. రచనపై హక్కు రచయిత మరణానంతరము 60 ఏండ్లు. 1930 ప్రాంతపు ప్లేటుల ముద్రణహక్కు తీరినది. 1974లో గతించిన ఘంటసాల భగవద్గీతకు తీరలేదు.

ఫైలులోపల పేరు మొదలగునవి వ్రాయుటకు ఏర్పడిన తొలిపద్ధతి 1996 నాటిది. అందు పాటపేరునకు 30 బైట్లు మాత్రమే చోటు. యూనికోడు యు.టి.ఎఫ్.-8 రూపమున తెలుగున ఒక్కొక్క సంకేతమునకు 3 బైట్లు పట్టును. గుణింతము, ఒత్తు వేరువేరుగ లెక్కకు వచ్చును. ‘శ్రీకృష్ణతులాభారము’ అను పేరే అందు పట్టదు. 1998 తరువాతి పద్ధతిలో యూనికోడునకు, లేబిలు చిత్రమునకు గూడ స్థానము కలదు. కావున లేబిలుపై నున్నది ఉన్నట్లు, తప్పులతో సహా, తెలుగున వ్రాసి, దిద్దుబాటును వేరుగ సూచింపవలెను. లేబిలు అంచున లక్కపై నొక్కిన మాతృకాసంఖ్యను తప్పక చేర్చవలెను. ఒకే గాయకుడు ఒకే పద్యమును రెండుమారులు పాడియుండవచ్చును. అవి రెండు వేర్వేరు గానములని నిశ్చయముగ చెప్పగలది ఆ సంఖ్యయే.