ఆపరేషన్‌కి ముందే అడగండి!

మా పిన్నిది కైకలూరు. క్యాన్సర్ వచ్చి ఒక రొమ్ము తీసేశారు. ఏలూరులో పెళ్లికి రెడీ అవుతూ, జాకెట్‌లో దూది కుక్కుకుంటుంటే చూశాను. "మళ్లీ చేయొచ్చని నాకెవరూ చెప్పలేదే అమ్మాయీ" అంది.

అప్పుడు నాకూ తెలీదు. తర్వాత తెలుసుకున్నా. సిలికాన్ ఇంప్లాంట్ పెట్టి గానీ, మన పొట్ట, వీపు దగ్గరి కండ, కొవ్వు తీసి గానీ రొమ్ముని తిరిగి చేస్తారు. కొందరికి తీసేసిన రోజే, కొందరికి ఏళ్ల తర్వాతైనా వీలవుతుంది. స్పర్శ మాత్రం మునుపటిలా ఉండదు. రేడియేషన్ పడితే ఇంప్లాంట్‌తో ఇబ్బందులు ఎక్కువ. అందుకే క్యాన్సర్ సర్జన్‌తో పాటు ప్లాస్టిక్ సర్జన్‌నీ ముందే కలవాలి.

అందం కోసం చేయించుకునేవాళ్లూ వినండి. ఇంప్లాంట్ జీవితాంతం ఉండేది కాదు, మళ్లీ ఆపరేషన్ పడొచ్చు. అరుదైన ఓ లింఫోమాతో సంబంధం బయటపడ్డాక, 2019లో అలెర్గాన్ కంపెనీ తన బయోసెల్ ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. మీకు పెట్టినదాని కంపెనీ పేరు, నంబరు ఉన్న కార్డు అడిగి దాచుకోండి. సిగరెట్ అలవాటుంటే గాయం సరిగా మానదు, ఆ సంగతి డాక్టరు దగ్గర దాచొద్దు.

వచ్చే వారం పిన్నితో విజయవాడ వెళ్తున్నా. చేయించుకోవాలో వద్దో తన ఇష్టం. అడగాల్సినవి మాత్రం ఫోన్‌లో రాసిపెట్టా.