ఒక్కసారి రాద్దాం - అన్నిచోట్లా వాడుకుందాం

ప్రోగ్రాంలో ఉన్న సమాచారాన్ని ఫైలులో దాచాలన్నా, మరో కంప్యూటరుకు పంపాలన్నా దానిని వరుసగా పేర్చిన అక్షరాలుగా మార్చాలి. దీనినే సీరియలైజేషన్ అంటారు. ఆ అక్షరాల నుండి తిరిగి సమాచారాన్ని రాబట్టడం డీసీరియలైజేషన్.

2015లో తొలి స్థిర వెర్షన్ వెలువడిన రస్ట్ భాషలో ప్రతి విలువకూ ఒక టైపు ఉంటుంది. ఈ భాషలో మార్పిడి పనికి సెర్డీ అనే లైబ్రరీని ఎక్కువగా వాడతారు. మన స్ట్రక్ట్ పైన 'డిరైవ్' అని ఒక్క పంక్తి రాస్తే పేరు, వయసు, మార్కులు వంటి వాటికి కావలసిన కోడంతా కంపైల్ అయ్యేటప్పుడే తయారవుతుంది.

మన పద్ధతి వేరుగా ఉన్నప్పుడే చిక్కు. ఉదాహరణకు తేదీ తీసుకుందాం. క్రోనో లైబ్రరీ తేదీని సెర్డీ 2004-08-05 అని రాస్తుంది. మన దరఖాస్తుల్లో 05-08-2004 అని రాస్తాం. హాస్టల్ రికార్డుల ప్రోగ్రాంలో పుట్టిన తేదీ, చేరిన తేదీ, స్కాలర్‌షిప్ మంజూరైన తేదీ ఇలా 20 చోట్ల ఉంటే 20 సార్లు అదే కోడ్ రాస్తూ పోతాం. ఇందులో విసుగొక్కటే నష్టం కాదు. ఒక్కచోట నెలను ముందుగా చదివితే ఆగస్టు 5 కాస్తా మే 8 అవుతుంది. రెండూ ఉన్న తేదీలే కనుక కంప్యూటరు తప్పు చూపదు. పదో తరగతి సర్టిఫికెట్‌తో తేదీ కలవక ఆఫీసుల చుట్టూ తిరిగేది మాత్రం మనలాంటి విద్యార్థే.

దీనికి పరిష్కారం సొంత టైపు. తేదీని లోపల పెట్టుకునే 'దరఖాస్తు తేదీ' అనే చిన్న టైపును తయారుచేసి, రాసే నియమం, చదివే నియమం దానికి ఒక్కసారే రాయాలి. తరువాత 20 చోట్లా ఆ టైపునే వాడి డిరైవ్ పెడితే సరిపోతుంది. తేదీ ఖాళీగా ఉండే చోటైనా, తేదీల జాబితా అయినా అదే నియమం వర్తిస్తుంది. ఒక్కో ఫీల్డు పైన 'విత్' అని చేర్చే మార్గమూ సెర్డీలో ఉంది. కానీ ఒకచోట మరచిపోతే కంపైలర్ అడగదు. సొంత టైపు ఉండవలసిన చోట మామూలు తేదీ ఇస్తే కంపైలరే ఆపుతుంది.

ఒక జాగ్రత్త అవసరం. నియమమే తప్పయితే ఆ తప్పు 20 చోట్లకూ పాకుతుంది. రాసి, మళ్ళీ చదివి, రెండూ ఒకటేనని సంతృప్తి పడకూడదు. రోజు, నెల రెండువైపులా తారుమారైతే ఆ పరీక్షలో బయటపడదు. ఫైలులో పడిన అక్షరాలను కూడా సరిచూడాలి.

కంప్యూటర్ కోర్సుల్లో చేరబోయే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! మీరు ఏ భాష నేర్చుకున్నా, ఒకే కోడ్‌ను రెండోసారి కాపీ చేసే ముందు ఆగి ఆలోచించండి. దీనికొక టైపు పెట్టవచ్చునా అని మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి. ఆ టైపు వెనుక ఒక విద్యార్థి జీవితం ఉండవచ్చు.