దరువున వినవచ్చు క్రమము

క్రమమనునది కంటికి మాత్రమే గోచరించు గుణమని మనము సామాన్యముగా తలచుచుందుము. అటకమీది డబ్బాలు పెద్దదాని ప్రక్క చిన్నది, దాని ప్రక్క అంతకంటె చిన్నది తీర్చియుండిన చూచినవారు ముచ్చటపడుదురు. కాని యా వరుస కూర్చుటకు ఇల్లాలు ఎన్నిమారులు చేయి సాచెనో, ఎన్నింటిని ఎత్తి దింపెనో వారికి తెలియదు. వరుస కనబడును, దాని వెనుకనున్న శ్రమ కనబడదు. ఆ శ్రమను చెవికి వినిపించు చిత్రమైన విద్య యొకటి యిప్పుడు లోకమున నున్నది. కంప్యూటరు వస్తువులను వరుసపెట్టు పద్ధతిని తీసికొని, దానిని డోలు దరువుగా మార్చి వినిపించుటయే యా విద్య. సోదరీమణులు దీనిని యంత్రవేత్తల వినోదమని త్రోసివేయక ఒకింత చెవి యొగ్గ ప్రార్థన.

ఒక పనిని తప్పక నెరవేర్చు మెట్ల వరుసకు ఆల్గారిథమని పేరు. 9వ శతాబ్దమున బాగ్దాదు నగరమున నుండిన అల్ ఖ్వారిజ్మీ యను గణితవేత్త పేరే రూపుమారి యీ మాటయైనది. అట్టివానిలో వరుసపెట్టు ఆల్గారిథములు కంప్యూటరు విద్యకు ఓనమాలవంటివి. శామీర్‌పేట చెంత 2008లో నెలకొనిన బిట్స్ పిలానీవారి హైదరాబాదు ప్రాంగణమునను, మేడ్చల్ చుట్టుపట్లనున్న ఇంజనీరింగు కళాశాలలందును చదువు మన బిడ్డలు వీనిని నేర్చుచున్నారు. ఇది అమ్మకు అర్థమగు సంగతి కాదని వారిలో కొందఱు తలంతురు. అర్థమగుటకు కావలసినది ఎనిమిది కాగితపు ముక్కలు, తాళము వేయగల చేయి మాత్రమే.

కంప్యూటరునకు మనవలె వరుసనంతటిని ఒక్క చూపున చూచు శక్తి లేదు. అది రెండింటిని మాత్రము పట్టుకొని, వీనిలో ముందుండవలసినది యేది యని యడుగును. తారుమారైయున్న వానిని మార్చును. ఈ చిన్న ప్రశ్నను మఱల మఱల అడుగుటయే దాని పని. ఆ ప్రశ్నలను ఏ వరుసన అడుగవలెనన్న విషయముననే పద్ధతులు భేదించును.

మృదంగము నేర్చు పిల్లలు పలుకు “తకధిమి తకఝణు” అను జతి మీరు వినియుందురు. అందలి యెనిమిది పలుకులను ఎనిమిది ముక్కలమీద వ్రాసి, 1 మొదలు 8 వఱకు సంఖ్యలు వేయుడు. పిదప వానిని కలిపివేసి 6, 3, 8, 1, 5, 2, 7, 4 అను వరుసన పఱచుడు. ఇప్పుడు చదివిన “క ధి ణు త, త క ఝ మి” యని వినబడును. తాళము తప్పలేదు గాని నడక చెడినది.

మొదటి పద్ధతికి బబుల్ సార్టు, అనగా బుడగ పద్ధతి యని పేరు. మొదటి రెండు ముక్కలను చూడుడు. పెద్దసంఖ్య ముందుండిన వానిని మార్చుడు. తరువాత రెండవచోటను మూడవచోటను ఉన్నవానిని, అటుపై మూడవ నాలుగవ చోటులవానిని, ఇట్లు కడవఱకు సాగుడు. నీటిలో బుడగ పైకి తేలినట్లు పెద్దసంఖ్య చివఱకు చేరును. ఒక్కొక్క చుట్టు ముగియగనే చేతితో తాళము వేయుచు వరుసను చదువుడు.

1వ చుట్టు: ధి క త త, క ఝ మి ణు.
2వ చుట్టు: ధి త త క, క మి ఝ ణు.
3వ చుట్టు: త ధి క త, మి క ఝ ణు.
4వ చుట్టు: త క ధి మి, త క ఝ ణు.

చూచితిరా! దరువు తోకనుండి సర్దుకొనుచు వచ్చినది. మొదట “ణు”, పిదప “ఝణు”, అటుపై “కఝణు” కుదిరినవి. నాలుగవ చుట్టు వినగనే మన చెవి సరియైనదని తల యూపును. కంప్యూటరు మాత్రము ఐదవ చుట్టు కూడ తిరిగి, ఒక్క మార్పును చేయవలసిన పని లేదని చూచుకొనిన గాని నమ్మదు. కుదిరిన తోకను విడిచిపెట్టుచు పోయినను మొత్తము పోలికలు 7, 6, 5, 4, 3 వెరసి 25 అయినవి.

రెండవది మెర్జ్ సార్టు, అనగా కూడిక పద్ధతి. జాన్ ఫాన్ నాయ్మన్ అను గణితవేత్త 1945లో దీనిని కనిపెట్టెను. ఇందు ముక్కలను ముందుగా జంటలుగా విడదీసి, ఏ జంటకాజంటను సరిచేయుదురు. పిదప రెండేసి జంటలను కలిపి నాలుగు ముక్కల వరుసలుగాను, ఆ రెండు వరుసలను కలిపి ఎనిమిదింటి వరుసగాను కూర్తురు. కలుపునపుడు ఇరువరుసల తలలను మాత్రము చూచి, చిన్నదానిని ముందుగా తీసికొందురు. మన ముక్కలతోనే వినుడు.

జంటలైన పిదప: ధి క త ణు, క త మి ఝ.
నాలుగేసియైన పిదప: త ధి క ణు, క మి త ఝ.
అన్నియు కలిసిన పిదప: త క ధి మి, త క ఝ ణు.

ఇందు తోకనుండి సర్దుకొనుట వినబడదు. రెండు విడుతలు అడవిలో నడచినట్లుండి, మూడవ విడుతలో ఒక్కమారుగా రాజమార్గము దొరకినట్లగును. పోలికలు 17 మాత్రమే. ఎనిమిది ముక్కలకు 25కును 17కును గల భేదము స్వల్పమే యనిపించును. వేయి ముక్కలైనచో బుడగ పద్ధతికి 4,99,500 పోలికలవఱకు కావలసివచ్చును. కూడిక పద్ధతికి ఎంత చెడ్డవరుసయైనను 8,977 మించవు. ఒక్కొక్క పోలికకు పావుసెకను చొప్పున ఒక దెబ్బ వినిపించిన, మొదటిది 34 గంటలు దాటి మ్రోగును. రెండవది 38 నిమిషములలో ముగియును. ఫలము ఒక్కటే, శ్రమ వేఱు. కంటికి చూపిన రెండు వరుసలును ఒక్కతీరుగానే యుండును. చెవి మాత్రమే యా భేదమును పట్టును.

సంఖ్యలున్న ముక్కలను పోల్చుట యేల, తిన్నగా వానివాని చోటులందు పెట్టరాదా యని బుద్ధిమంతురాండ్రకు సందేహము కలుగవచ్చును. పెట్టవచ్చును. మన అష్టావధానములోని వ్యస్తాక్షరి యట్టిదే. పృచ్ఛకుడు ఒక వాక్యములోని యక్షరములను వరుస చెడగొట్టి, ఇది ఏడవది, ఇది రెండవది యని నడుమనడుమ అందించుచుండును. అవధాని తక్కిన యంశములను నడపుచునే వానిని మనస్సులో వానివాని చోటుల నుంచి, కడపట వాక్యమునంతయు చదువును. చోటు ముందే తెలిసినది గనుక అచ్చట పోలికతో పని లేదు. కాని బుట్టెడు వంకాయలకు సంఖ్యలుండవు గదా! ఈ రెండింటిలో ఏది పెద్దదని మాత్రమే యడుగగలము. పైరెండు పద్ధతులును అట్టి చోటుల కొఱకు ఏర్పడినవి.

ఛందస్సు చదివినవారికి ప్రస్తారము తెలిసినదే. మూడక్షరముల గురులఘువులను ప్రస్తరించిన మ, య, ర, స, త, జ, భ, న యను ఎనిమిది గణములును ఈ వరుసననే పుట్టును. 13వ శతాబ్దమున దేవగిరి యాదవుల కొలువుననుండిన శార్ఙ్గదేవుడు తన సంగీతరత్నాకరమున సప్తస్వరములను మార్చి మార్చి పేర్చిన 5,040 వరుసలగునని లెక్కించెను. ఆ లెక్కననే ఎనిమిది ముక్కలకు 40,320 వరుసలగును. ప్రస్తారము ఒక్క వరుసనుండి అన్నింటిని పుట్టించును. వరుసపెట్టు విద్య అన్నింటినడుమ దాగిన యొక్కదానిని చేరును. ఒకటి పోయిన దారిననే రెండవది తిరిగి వచ్చుచున్నది. 40,320 వరుసలలో ఒక్కదానిని 17 ప్రశ్నలలో పట్టుట సామాన్యమా?

ఈ పద్ధతులను ఇంద్రియములకు అందించు యత్నము ఇతరదేశములందు చాలనాళ్ల క్రిందటనే మొదలైనది. 1981లో కెనడాలోని టొరాంటో విశ్వవిద్యాలయమున రోనాల్డ్ బేకర్ అను ఆచార్యుడు వీనిని కదలుబొమ్మలతో చూపు చలనచిత్రమును తీసెను. 2011లో రుమేనియా దేశమందలి సపియెంతియా విశ్వవిద్యాలయమువారు సంఖ్యలు ధరించిన నర్తకులచేత జానపద నృత్యములాడించి వీనిని బోధించిరి. 2013లో జర్మనీ దేశీయుడగు టిమో బింగ్‌మన్ పోల్చబడు సంఖ్యను బట్టి స్వరము హెచ్చుచు తగ్గుచు మ్రోగునట్లు ఒక ప్రోగ్రామును రచించి లోకమునకు వినిపించెను.

స్వరములకంటె దరువు ముక్కలు ఈ పనికి మఱింత తగినవని నా యభిప్రాయము. స్వరములు వరుసబడినపుడు మిగులునది ఆరోహణము మాత్రమే. అది పాట కాదు. దరువు ముక్కలు వరుసబడినపుడు మనము ముందే యెఱిగిన నడక తిరిగివచ్చును. దారి తప్పిన బిడ్డ ఇల్లు చేరినట్లు ప్రాణము కుదుటబడును. ముక్కలన్నియు సమానమైన నిడివి గలవగుటచే వరుస చెడినను కాలము చెడదు. చెవికి విసువు పుట్టక, ఎప్పుడు కుదురునా యను ఆశ నిలిచియుండును.

దీనిని చేయు తెఱగు కష్టమైనది కాదు. రికార్డు చేసిన చిన్న దరువును తెగకుండ తిరిగి తిరిగి మ్రోగునట్లు చేసిన దానిని లూపు అందురు. దానిని ఎనిమిదిగానో పదునాఱుగానో సమభాగములు చేసి సంఖ్యలు వేయుదురు. దెబ్బ మొదలగు క్షణమునకు సరిగా కోత పడవలెను. దెబ్బ నడుమ కోసిన టిక్కుమను చప్పుడు చెవిని పొడుచును. పిదప ముక్కలను కలిపివేసి, కంప్యూటరు వానిని వరుసపెట్టుచుండగా చుట్టు చుట్టునకు మ్రోగింతురు.

ఇచ్చట నొక సూక్ష్మము గలదు. మన జతిలో “త” రెండుమారులు, “క” రెండుమారులు వచ్చినవి. నోటితో పలికిన 1వ “త” చోటున 5వ “త” నుంచినను చెవి కనిపెట్టజాలదు; 40,320లో నాలుగు వరుసలు చెవికి ఒక్కటియే. మనుష్యుడు వాయించిన డోలున నట్లు కాదు. ఎత్తుగడలోని దెబ్బకు ఒక బరువు, నడుమ దెబ్బకు మఱియొక బరువు. అవి చోటులు మాఱిన చెవికి ఏదియో వెలితి తోచును. ముక్కలుగా కోసినను ఆ దెబ్బలో వాయించిన చేయి నిలిచియేయున్నది.

ఈ చేయి యెవ్వరిదను ప్రశ్న చిన్నది కాదు. 1969లో అమెరికాదేశపు విన్‌స్టన్స్ అను బృందమువారు “అమెన్, బ్రదర్” అను పాటను రికార్డు చేసిరి. అందు గ్రెగరీ కోల్మన్ అను డోలువాద్యకారుడు ఒంటరిగా వాయించిన దరువు సుమారు ఆఱుసెకనులు మాత్రమే. తరువాతివారు దానిని కోసి, కలిపి, తిప్పి వేలకొలది పాటలలో వాడుకొనిరి. కోల్మన్‌కు ప్రతిఫలము ముట్టలేదు. అతడు 2006లో మరణించెను. 2015లో అభిమానులు చందాలెత్తి బృందనాయకుడగు రిచర్డ్ స్పెన్సర్‌కు 24,000 పౌండ్లు అందించిరి. అప్పటికి కోల్మన్ లేడు.

ఇది దూరదేశపు కథ యని మనము ఊరకుండరాదు. ఆషాఢమాసపు బోనాలలో మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములందు మ్రోగు డప్పును తలచుకొనుడు. డప్పును మంటకు కాచి, తోలు బిగిసిన పిదప కుడిచేత చిర్రయు, ఎడమచేత సిటికెన పుల్లయు పట్టి వాయించెదరు. ఈ విద్యను తరతరములుగా కాపాడినవారిలో మాదిగ కులజులైన కళాకారులు ముఖ్యులు. వారి దరువు లేక ఊరేగింపు కదలదు. ఐనను వారిని గడపదాక రానీయని దినములు మన యూళ్లలో నుండినవి. నేడు పిల్లవాని చేతిలోని ఫోను ఆ దరువును అరనిమిషములో పట్టును. సాయంకాలమునకు అది ముక్కలై కంప్యూటరు పాటగా మాఱగలదు. పాటమీద పిల్లవాని పేరుండును; చిర్ర పట్టిన చేతికి పేరుండదు.

1957 నాటి మన కాపీరైటు చట్టమునకు 1994లో చేసిన సవరణ ప్రదర్శకులకు తమ ప్రదర్శనముపై హక్కునిచ్చెను. 2012 నాటి సవరణ దానిని విస్తరించెను. ప్రదర్శకులెవరో చెప్పుచు ఆ చట్టము గాయకులను, వాద్యకారులను, నర్తకులనేగాక గారడివారిని, పాములాడించువారిని సయితము పేర్కొనినది. ఇక డప్పు వాయించువాడు వాద్యకారుడనుటకు సందేహమేమి? సొంత వినికిడికిని, నిజమైన బోధనకును, పరిశోధనకును రికార్డు చేసికొనుటకు చట్టము అడ్డురాదు. అమ్ముకొనదలచిన మాత్రము అతని యనుమతి వలయును. న్యాయశాస్త్రము బోధించు నల్సార్ విశ్వవిద్యాలయము శామీర్‌పేటననే యున్నది. కాని న్యాయబుద్ధికి మొదటి బడి ఇల్లే.

కాబట్టి సోదరీమణులారా, మీ బిడ్డలకు ఈ యాటను నేర్పుడు. ముఖ్యముగా ఆడపిల్లలను కూర్చుండబెట్టుకొని ఎనిమిది ముక్కలతో రెండు పద్ధతులును ఆడించుడు. గణితమనిన వారికిగల బెదురు తీఱును. వారు పెరిగి నిజమైన డప్పు దరువుతో పాట కట్టదలచిన నాడు, ముందుగా ఆ కళాకారుని యింటికి పోయి యడుగుమని చెప్పుడు. అతని పేరు పాటపై నుంచుమనుడు. ఆదాయము వచ్చిన అతని పాలు అతనికి ఇమ్మనుడు. దరువును వరుసపెట్టుట నేర్చిన బిడ్డ, ఆ దరువు ఎవరి చేతినుండి వచ్చెనో కూడ నేర్చిననే యా చదువు పూర్తియగును.