ఆకులోపలి పాముపొడ

నిమ్మ లేక బత్తాయి చెట్టు చిగురించినపుడు ఒక లేత ఆకును కోసి వెలుతురులో పరీక్షించండి. వెండి జలతారు వలె మెలికలు తిరిగిన చార ఒకటి కనుపించవచ్చును. రైతులు దీనిని పాముపొడ అందురు. అది ఆకుపై ప్రాకిన జాడ కాదు. ఆకులోపల ప్రాకిన జాడ.

ఇది గ్రాసిలేరియిడే కుటుంబమునకు చెందిన ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా అను చిన్న శలభము పని. కలకత్తా నమూనాలనుబట్టి 1856లో స్టెయిన్‌టన్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దీనిని వర్ణించెను. దీని పొడవు సుమారు 2 మిల్లీమీటర్లు. తెల్లని ముందు రెక్కల కొనలందు ఒక్కొక్క నల్లని చుక్క ఉండును.

ఆడ శలభము లేత ఆకులపై, తరచు నడిమి ఈనె ప్రక్కన, గ్రుడ్లను విడివిడిగా పెట్టును. పిల్లపురుగు బయటి గాలి సోకకుండగనే గ్రుడ్డు అడుగునుండి తిన్నగా ఆకులోనికి దూరును. కాగితమంత పలుచని ఆకులో అది ఎట్లు ఇముడును? దాని శరీరము బల్లపరుపు, కాళ్లు లేవు. దవడలు నమలుటకు గాక కోయుటకు ఏర్పడినవి. పైపొర కణములను చీల్చి, వాటి రసము త్రాగుచు ముందుకు సాగును. మిగిలిన పలుచని పొర క్రింద గాలి చేరుటచే చార వెండివలె మెరయును. నడుమనున్న సన్నని నల్లగీత పురుగు మలము. పురుగు ఎదిగినకొలది సొరంగము వెడల్పగును గనుక, ప్రయాణము ఎచట మొదలై ఎచట ముగిసినదో విద్యార్థులే చెప్పగలరు. చివరకు అది ఆకు అంచు చేరి, పట్టుదారముతో అంచును మడిచి, ఆ మడతలో ప్యూపాగా మారును.

ఆకు ఎండినను ఈ జాడ చెరగదు. ఇదే కుటుంబములోని కెమెరారియా ఓహ్రిడెల్లా ఐరోపాలో హార్స్ చెస్ట్‌నట్ చెట్లను పీడించును. 1980 దశకమున మాసిడోనియాలో అది తొలిసారి కంటబడినది. కాని 2011లో ప్రకటింపబడిన పరిశోధనలో, 1879లో గ్రీసులో కోసి భద్రపరచిన ఆకులలోనే దాని పిల్లపురుగులు బయటపడినవి!

నిమ్మ విషయమునకు వత్తము. కొన్ని ఆకులు ముడుచుకొన్నంత మాత్రమున ఎదిగిన చెట్టు కుంగిపోదు. నారుమడిలోని మొక్కల సంగతి వేరు. పైగా చీలిన పొరలగుండ గజ్జి తెగులు బాక్టీరియా వాననీటితో సులభముగా లోన ప్రవేశించును. మందు చల్లుదమన్న, ఆ పలుచని పొరయే పురుగుకు గొడుగు; దెబ్బ తరచు దాని శత్రువులకే తగులును. 1993లో ఈ శలభము ఫ్లారిడా తోటలలో ప్రవేశించగా, మరుసటి యేడు అచట ఎజెనియాస్పిస్ అను మిక్కిలి చిన్న కందిరీగను విడిచిపెట్టిరి. ఇది శలభపు గ్రుడ్డులోనో, పసిపురుగులోనో తన గ్రుడ్డు పెట్టును. ఆ ఒక్క గ్రుడ్డునుండి పలు పిల్లలు పుట్టి పురుగును లోపలినుండి తినివేయును. అట్టి ఆకు మడతను విప్పినచో శలభపు ప్యూపాకు బదులు కందిరీగ ప్యూపాలు వరుసగా కనుపించును.